జీతం ఆగాక టెర్రకోట నగల బిజినెస్ మొదలుపెట్టాలంటే: ఏది ముందు, ఏది తర్వాత

లేఆఫ్ అయినవాళ్ల నుంచి ఒకటే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది, "నాకు చేత్తో చేయడం వచ్చు, చిన్నగా ఏదైనా పెడదాం అనుకుంటున్నా, ఎక్కడ మొదలుపెట్టాలి" అని. ఒక్కొక్కరికీ విడిగా చెప్పే బదులు అంతా ఒకచోట రాస్తున్నా. నేను చేసేది టెర్రకోట నగలు, అంటే కాల్చిన మట్టి నగలు, ఉండేది హైదరాబాద్‌లో, కాబట్టి ఉదాహరణలు అక్కడివే. మీది ఫాబ్రిక్ పెయింటింగ్ అయినా క్రోషే అయినా 3వ స్టెప్ ఒక్కటి వదిలేసి మిగతావి వాడుకోవచ్చు.

ముందే ఒకటి చెప్పేస్తా. చెయ్యి బాగా తిరిగినవాళ్లు కూడా ఏడాదికల్లా మానేస్తున్నారంటే కారణం ఎక్కువగా ఒకటే, వాళ్ల గంటలకి వాళ్లే రేటు కట్టుకోరు. మట్టికి, హుక్కులకి, డబ్బాకి లెక్క వేస్తారు, రాత్రి పదకొండింటి దాకా కూర్చుని రంగులేసిన టైమ్ మాత్రం లెక్కలోకి రాదు. 5వ స్టెప్ అందుకే పెద్దది, దాన్ని దాటేసి వెళ్లకండి.

1. మొదటి రెండు వారాలు మట్టి ముట్టుకోకండి

ఉద్యోగం పోయిన వెంటనే చేతులు ఊరుకోవు, ఏదో ఒకటి చేసెయ్యాలనిపిస్తుంది. కానీ కంపెనీ నుంచి రావాల్సినవి వసూలు చేసుకోడానికి ఇదే టైమ్, తర్వాత హెచ్‌ఆర్ వాళ్లు ఫోనే ఎత్తరు.

చెక్‌లిస్ట్:

- రిలీవింగ్ లెటర్, ఎక్స్‌పీరియన్స్ లెటర్, చివరి మూడు పేస్లిప్పులు, ఫామ్ 16. ఆఫీస్ మెయిల్ కట్ అయ్యేలోపు పర్సనల్ మెయిల్‌కి తెచ్చుకోండి.
- ఫుల్ అండ్ ఫైనల్ లెక్క రాతపూర్వకంగా. మిగిలిన లీవులు, నోటీస్ పే, బోనస్ విడివిడిగా ఉన్నాయో లేదో చూడండి.
- 5 ఏళ్లు నిండితే గ్రాట్యుటీ మీ హక్కు. చివరి బేసిక్, డీఏ కలిపి, దాన్ని 15తో, సర్వీస్ ఏళ్లతో గుణించి 26తో భాగిస్తే వస్తుంది. 30 రోజుల్లో ఇవ్వాలి.
- ఆరోగ్య బీమా. ఆఫీస్ గ్రూప్ పాలసీ చాలాచోట్ల చివరి పనిరోజుతోనే ఆగిపోతుంది. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారితే వెయిటింగ్ పీరియడ్‌లో (పాత జబ్బులకి క్లెయిమ్ కోసం ఆగాల్సిన కాలంలో) గడిచినది కలిసొస్తుంది, కానీ గ్రూప్‌లోంచి బయటపడకముందే అడగాలి. ఇంట్లో బీపీ షుగర్ ఉన్న పెద్దవాళ్లుంటే అన్నిటికన్నా ముందు ఇదే చూడండి.
- కంపెనీ స్టాక్ ఆప్షన్లుంటే వాటిని షేర్లుగా తీసుకోడానికి గడువు ఎప్పటిదాకానో అడగండి, చాలాసార్లు అది తక్కువే ఉంటుంది.

ఈపీఎఫ్ డబ్బు జోలికి మాత్రం వెళ్లకండి, బిజినెస్ కోసం అసలే వద్దు.

2. ఎన్ని నెలలు ఆగగలరో కాగితం మీద పెట్టండి

అద్దె లేదా హోమ్ లోన్ ఈఎంఐ, స్కూల్ ఫీజు, కిరాణా, కరెంటు, మందులు, బీమా, ఊళ్లో అమ్మానాన్నలకి పంపేది, ఇవన్నీ కలిపి నెలకి ఎంతవుతుందో రాయండి. చేతిలో ఉన్న డబ్బుని దాంతో భాగించండి. కనీసం ఆరు నెలలు రాకపోతే బిజినెస్‌ని పూర్తి టైమ్ పనిగా పెట్టుకోవద్దు, ఉద్యోగం వెతుకుతూ పక్కన చెయ్యండి, అందులో నామోషీ ఏమీ లేదు. ఆరు నెలలు వచ్చినా రెజ్యూమె అప్‌డేట్ చేసి ఉంచండి.

పెట్టుబడికి ఒక గోడ కట్టండి. టెర్రకోటకి నా లెక్కలో 25,000 చాలు:

- మట్టి, టూల్స్, అచ్చులు: 3,000
- హుక్కులు, రింగులు, దారాలు, పూసలు: 4,000
- రంగులు, వార్నిష్, బ్రష్‌లు: 3,000
- బయట కాల్పించుకునే ఖర్చు: 4,000
- డబ్బాలు, బబుల్ ర్యాప్, లేబుళ్లు: 4,000
- లైటు, ఫోటో సామాను: 2,000
- ముట్టుకోకుండా పక్కన పెట్టేది: 5,000

ఈ లిస్టులో కరెంటు కొలిమి లేదు చూశారా. సెవరెన్స్ డబ్బు అకౌంట్లో పడగానే చాలామంది చేసే మొదటి పని కొలిమి కొనడం, లోగో చేయించడం, వెబ్‌సైట్ పెట్టించడం. మొదటి వంద పీసులు అమ్ముడయ్యేదాకా మూడూ వద్దు. పాటరీ స్టూడియోలు కొన్ని డబ్బు తీసుకుని మన పీసులు కాల్చిస్తాయి, చుట్టుపక్కల కుమ్మరులు ఉంటే వాళ్ల ఆవంలో చోటు అడగొచ్చు, అడిగి చూస్తే తెలుస్తుంది వాళ్ల దగ్గర నేర్చుకునేది ఎంతుందో. లోన్ కూడా ఇప్పుడే వద్దు. కేంద్ర ప్రభుత్వ ముద్ర లోన్ పథకంలో శిశు కేటగిరీ కింద 50,000 దాకా ఇస్తారు నిజమే, కానీ నెలకి ఎంత అమ్ముతారో తెలియకుండా వాయిదా ఎంత కట్టగలరో ఎలా తెలుస్తుంది.

3. వస్తువు పగలకూడదు, అది మొదటి షరతు

ఇక్కడ తొందరపడితే తర్వాత రిటర్న్‌లు, తిట్లు, చెడ్డ పేరు. వరస ఇలా పెట్టుకోండి.

*మట్టి.* రెడీమేడ్ టెర్రకోట మట్టి కొన్నా, చెరువు మట్టి తెచ్చి నానబెట్టి పల్చటి గుడ్డలో వడగట్టి ఆరబెట్టుకున్నా సరే, పిసకడం మాత్రం తగ్గించొద్దు. ముద్దని దారంతో రెండుగా కోసి చూడండి, కోసిన ముఖం మీద చిన్న చిన్న గుంటలు కనిపిస్తే గాలి ఉన్నట్టే, మళ్లీ పిసకాలి.

*ఆకారం.* కాలాక సైజు తగ్గుతుంది, మట్టిని బట్టి నూటికి 8 నుంచి 10 దాకా. అందుకే మీ మట్టితో పది సెంటీమీటర్ల గీత గీసిన పట్టీ ఒకటి చేసి కాల్చి కొలిచి పెట్టుకోండి, జుంకా బుట్ట, దాని మీద దుద్దు కొలత కుదరాలంటే ఈ పట్టీయే దిక్కు. లోపల బోలుగా ఉండే పూసలకి సూది మోపినంత రంధ్రం వదలండి, లేకపోతే లోపల చిక్కిన తడి ఆవిరై బయటికి పోలేక పేలుతుంది. కాల్చకముందే గుచ్చే కొక్కేలకి నైక్రోమ్ వైరు వాడండి, మామూలు ఇనప తీగ కొలిమిలో పొరలు పొరలుగా రాలిపోతుంది. జతలో రెండో దాన్ని మొదటిది చేసిన పూటే చెయ్యండి, మర్నాడు చేస్తే చెయ్యి మారుతుంది.

*ఆరడం.* ఎండలో పెట్టొద్దు. నీడలో, పైన పల్చటి గుడ్డ కప్పి, రోజూ తిప్పుతూ. ఆరిందో లేదో తెలియాలంటే పీసు తీసి బుగ్గకి ఆనించండి, చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. వానాకాలంలో వారం దాటినా ఆ చల్లదనం పోదు, ఆర్డర్ తొందర అని కొలిమిలో పెట్టారంటే ఆ ఒక్కటీ పేలి పక్కన ఉన్నవాటిని కూడా కొడుతుంది.

*కాల్చడం.* మొదట చాలాసేపు సన్న సెగ మీద, తడి మొత్తం ఆవిరయ్యేదాకా, ఆ తర్వాతే మెల్లగా పెంచాలి. సుమారు 800 నుంచి 900 డిగ్రీలు కావాలి. ఇంట్లో మైక్రోవేవ్, కేక్ చేసే ఓవెన్ ఈ పనికి రావు, ఓవెన్ 250 దగ్గరే ఆగిపోతుంది, మట్టి ఆరుతుందే తప్ప కాలదు. గాలికి గట్టిపడే రెడీమేడ్ క్లే వేరే వస్తువు, దానితో చేసి టెర్రకోట అని అమ్మడం మోసమే, అలా చేయకండి.

*చల్లారడం.* చేత్తో పట్టుకోగలిగే దాకా మూత తీయొద్దు. పగుళ్లలో సగం ఈ ఆత్రం వల్లే.

కాలిందో లేదో ఎలా తెలుస్తుంది? రెండు పీసుల్ని ఒకదానికొకటి తగిలిస్తే ఖంగుమనాలి, మొద్దు శబ్దం వస్తే సరిగా కాలలేదు. అనుమానంగా ఉంటే ప్రతి కాల్పు నుంచి ఒక పీసు రాత్రంతా నీళ్లలో వేసి ఉంచండి, పొద్దున గోరుతో గీకితే మెత్తగా ఊడొస్తుంటే ఆ బ్యాచ్ మొత్తం మళ్లీ కాల్చాల్సిందే, అంతేగాని రంగేసి కప్పేసి అమ్మొద్దు.

*రంగు.* తడిగుడ్డతో దుమ్ము తుడిచి, ఆరాక యాక్రిలిక్ రెండు పల్చటి కోట్లు, పైన వార్నిష్ రెండు పల్చటి కోట్లు. ఒకే మందపాటి కోటు వేస్తే జిగురుగా ఉండిపోయి డబ్బాలో టిష్యూకి అంటుకుంటుంది. రంగేసిన పీసులు కనీసం ఒక రోజు ఆగాకే ప్యాక్ చేయండి.

*హుక్కులు.* చవక హుక్కుల్లో నికెల్ ఉంటుంది, కొందరికి చెవి దురద పెట్టి చీము పడుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ వాడండి, అడిగినవాళ్లకి వెండి. చెవికి ఒక్కోటి 12 గ్రాములు దాటితే బరువనిపిస్తుంది, అంతకన్నా పెద్ద బుట్టలైతే చెంపస్వరాలు కలిపి ఇవ్వండి.

4. డిజైన్లు తక్కువ, రంగులు ఎక్కువ

మొదట్లో వంద రకాలు చేసేయాలని ఉంటుంది. ఎనిమిదో పదో డిజైన్లు చాలు, రెండు సైజుల జుంకాలు, రోజువారీ దుద్దులు, ఒక చోకర్, ఒక పొడుగు హారం, అంతే. అదే అచ్చు మీద రంగు మారిస్తే కొనేవాళ్లకి కొత్తదిలా ఉంటుంది, మీకు చెయ్యి వేగం పెరుగుతుంది. టెర్రకోట కొనేవాళ్లు ఎక్కువమంది చీరకి మ్యాచింగ్ కోసమే వస్తారు కాబట్టి కాల్చి, రంగు వేయని పీసులు స్టాక్‌లో ఉంచుకోండి. ఆర్డర్ వచ్చాక రెండు రోజుల్లో రంగేసి పంపొచ్చు, మట్టి నుంచి మొదలుపెడితే పది రోజులు పడుతుంది.

దేవుడి బొమ్మలు చెవిపోగుల మీద వేసేముందు ఆలోచించండి, కొందరికి నచ్చుతుంది, కొందరు నొచ్చుకుంటారు. పెండెంట్ దాకా పర్వాలేదని నా అభిప్రాయం.

5. ధర కట్టడం

ఒక మామూలు జుంకా జత తీసుకుందాం.

- మట్టి: 6
- హుక్కులు, రింగులు: 12
- రంగు, వార్నిష్: 10
- కాల్పు ఖర్చులో దీని వాటా: 15
- డబ్బా, కార్డు, బబుల్ ర్యాప్: 35
- మొత్తం 78. పగిలేవాటికి పదో వంతు కలిపితే 86

ఇక్కడిదాకా అందరూ వేస్తారు, 86 ఖర్చు, 200కి అమ్మితే సగానికి పైగా లాభం అనుకుంటారు. ఇప్పుడు టైమ్ పెట్టండి. పిసకడం, చేయడం, నునుపు చేయడం, రంగు, హుక్కు అన్నీ కలిపి జతకి గంటన్నర అనుకుందాం, గంటకి 150 చొప్పున 225. అంటే 311. ఇంటర్నెట్, ప్రయాణాలు, అమ్ముడుపోకుండా మిగిలేవి, వీటికి 15 శాతం, 47. అసలు ఖర్చు 358 అయింది. దాని మీద 20 శాతం లాభం పెడితే 430. కొరియర్ వేరే.

అదే జత 200కి అమ్మితే ఖర్చులు పోను గంటన్నర పనికి మీ చేతిలో మిగిలేది 67, రావాల్సిన 225లో 158 పోయినట్టు. నెలకి యాభై జతలు అమ్ముడైనా అలసట తప్ప పెద్దగా ఏమీ మిగలదు.

150 ఎక్కడి నుంచి వచ్చింది అంటారా, మీరు ఊహించుకుని పెట్టేది కాదు అది. రోజుకి ఎనిమిది గంటలు కూర్చున్నా అందులో చేతిపని నాలుగు గంటలే జరుగుతుంది, మిగతాది మెసేజ్‌లు, ఫోటోలు, ప్యాకింగ్, కొరియర్ ఆఫీసు. నెలకి 25 రోజులు అంటే 100 గంటలు, గంటకి 150 అంటే 15,000. మీ ఇంటికి 30,000 కావాలంటే గంట రేటు 300 పెట్టాలి, లేదా గంటన్నర పనిని ముప్పావు గంటకి దించాలి. బ్యాచ్‌లో చేస్తే దిగుతుంది, ఒకరోజు బుట్టలే, ఒకరోజు దుద్దులే, ఒకరోజు మొత్తం బేస్ కోటే. ఫోన్‌లో టైమర్ పెట్టి నిజంగా కొలవండి, అందాజాగా రాసుకుంటే ప్రతిసారీ తక్కువే రాస్తాం.

తరచూ జరిగే తప్పులు, వాటికి మందు:

*బొటిక్‌లో పెట్టడం.* 30 శాతం కమిషన్ అడిగారనుకోండి, 430 మీద 129 పోయి మీ చేతికి 301 వస్తుంది, ఖర్చే 358. అమ్మిన ప్రతి జతకీ 57 నష్టం. బొటిక్‌కి ఇవ్వాలంటే ఆ డిజైన్ ధర మొదటి నుంచే 550 దగ్గర ఉండాలి, అప్పుడు మీకు 385 వస్తుంది. అక్కడ 550, మీ దగ్గర 430 పెట్టొద్దు, బొటిక్ వాళ్లకి తెలిసిన రోజు స్టాక్ వెనక్కిచ్చేస్తారు, వాళ్ల కోపంలో న్యాయం ఉంది. అక్కడికి ఇచ్చే డిజైన్లే వేరుగా పెట్టుకోండి.

*చుట్టాలు, ఫ్రెండ్స్.* "మనవాళ్లం కదా, మాకూ అదే రేటా" అంటారు. 10 శాతం తగ్గింపు అని ఒక రూల్ పెట్టి అందరికీ అదే చెప్పండి. ఊరికే ఇవ్వాలనిపిస్తే ఊరికే ఇవ్వండి, బహుమతి అని చెప్పి. సగం ధరకి మాత్రం వద్దు, ఆ సగం ధరే మీ ధర అని ఊరంతా తెలిసిపోతుంది.

*పక్క పేజీ రేటు చూసి తగ్గించడం.* వాళ్లు అచ్చుపోసినవి హోల్‌సేల్‌గా తెచ్చి అమ్ముతుండొచ్చు. వాళ్లతో పోటీ పెట్టుకోవద్దు, వాళ్లు చేయలేనిది, అంటే చీర రంగుకి కలపడం, దాని మీద నిలబడండి.

6. ఫోటోలు, రంగు గొడవలు

కిటికీ పక్కన, పొద్దున తొమ్మిది పదింటి వెలుగులో, తెల్ల చార్ట్ మీద తీయండి, ఫిల్టర్ వద్దు. ప్రతి డిజైన్‌కి ఒక ఫోటో చెవికి పెట్టుకున్నది ఉండాలి, సైజు తెలియక వెనక్కి పంపేవాళ్లే ఎక్కువ.

మ్యాచింగ్ ఆర్డర్‌కి చీర ఫోటో పంపమంటే రాత్రి ట్యూబ్‌లైటు కింద తీసి పంపుతారు, వంకాయ రంగు కాస్తా నీలంగా కనపడుతుంది. చీర పక్కన తెల్ల కాగితం పెట్టి పగటి వెలుగులో తీయమనండి. ఊళ్లోనే ఉంటే బ్లౌజ్ బిట్ ముక్క తెప్పించుకోండి. రంగు కలిపాక ఒక పూస మీద వేసి, ఆరాక ఫోటో పంపి, "ఓకే" అని టైప్ చేయించుకున్నాకే మొత్తం సెట్ వేయండి.

7. ఆర్డర్ తీసుకోవడం, డబ్బు

వాట్సాప్ బిజినెస్ చాలు మొదట్లో, కేటలాగ్, లేబుళ్లు, రెడీ రిప్లైలు అన్నీ అందులోనే ఉన్నాయి. కార్పొరేట్‌లో ఎక్సెల్ షీట్లు నింపీ నింపీ విసిగిపోయి ఉంటారు కానీ ఆ అలవాటే ఇక్కడ పనికొస్తుంది, పేరు, డిజైన్, రంగు, అడ్వాన్స్, ఇవ్వాల్సిన తేదీ, ట్రాకింగ్ నంబర్, ఆరు కాలమ్‌లు పెట్టుకోండి.

- వేరే బ్యాంక్ అకౌంట్, వేరే యూపీఐ. ఇంటి పాలప్యాకెట్ డబ్బు అందులోంచి పోకూడదు.
- రెడీ పీసులకి పూర్తి డబ్బు ముందే. మ్యాచింగ్‌కి సగం అడ్వాన్స్, మిగతాది పంపే ముందు.
- పేమెంట్ స్క్రీన్‌షాట్ నమ్మొద్దు, మీ బ్యాంక్ యాప్‌లో పడిందో లేదో చూశాకే పంపండి.
- "బల్క్ ఆర్డర్, డబ్బు పంపుతా, ఈ క్యూఆర్ స్కాన్ చేసి పిన్ కొట్టండి" అంటే అది దొంగే. డబ్బు రావడానికి పిన్ ఎప్పుడూ అక్కర్లేదు.
- పండక్కి కావాలన్నవాళ్లకి పండగ తేదీ చెప్పొద్దు, దానికి ఐదు రోజుల ముందు తేదీ పెట్టుకోండి.

అమెరికాలో ఉన్న మనవాళ్లు బతుకమ్మకి, దీపావళికి సెట్లు అడుగుతారు. అక్కడ 800 డాలర్ల లోపు పార్సిళ్లకి ఉన్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి తీసేశారు, ఆ సంగతి ఆర్డర్ తీసుకునేటప్పుడే చెప్పండి. ఎక్కువమంది ఇక్కడ అమ్మగారింటి అడ్రస్ ఇస్తారు, ఎవరో వచ్చేటప్పుడు తీసుకెళ్తారు, అదే సుఖం.

8. ప్యాకింగ్

జతలో రెండూ ఒకదానికొకటి తగలకూడదు. ఒక్కోదాన్ని కార్డుకి గుచ్చి, విడిగా బబుల్ ర్యాప్ చుట్టి, గట్టి అట్టపెట్టెలో కదలకుండా నింపండి. చెవి దగ్గర పెట్టి ఊపితే చప్పుడు రాకూడదు. తర్వాత నడుము ఎత్తు నుంచి గచ్చు మీద వదలండి, పాత పీసుతోనే లెండి, పగలకపోతే ఆ పద్ధతి ఖాయం చేసుకోండి.

పెట్టె సైజు కూడా చూడండి, చాలా కొరియర్‌లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగించి వచ్చిన కేజీలకి డబ్బు తీసుకుంటాయి. 20, 15, 8 పెట్టె అంటే లోపల వంద గ్రాములే ఉన్నా అరకేజీ లెక్క.

9. రిజిస్ట్రేషన్లు

భయపడేంత లేదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న వ్యాపారాలకి కేంద్ర ప్రభుత్వం ఇచ్చేది) ఆధార్, పాన్‌తో ప్రభుత్వ సైట్‌లో ఉచితం, డబ్బు అడిగే సైట్ ఏదైనా అసలుది కాదు. కరెంట్ అకౌంట్ తెరవడానికి ఆ సర్టిఫికెట్ పనికొస్తుంది.

జీఎస్టీ: సరుకు అమ్మేవాళ్లకి రిజిస్ట్రేషన్ అక్కర్లేని ఏడాది టర్నోవర్ పరిమితి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు. వేరే రాష్ట్రానికి పంపితే మామూలుగా మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి, కానీ నోటిఫై చేసిన హస్తకళా వస్తువులకి కొన్ని షరతుల మీద మినహాయింపు ఉంది. మీ వస్తువు ఆ జాబితాలో వస్తుందో లేదో ఒకసారి సీఏని అడగండి, అడగడానికి అయ్యే ఖర్చు తర్వాత కట్టే ఫైన్ కన్నా తక్కువే. ఆన్‌లైన్ మార్కెట్‌ప్లేస్‌లో రాష్ట్రం లోపలే అమ్మే చిన్నవాళ్లకి 2023 అక్టోబర్ 1 నుంచి రిజిస్ట్రేషన్ లేకుండా వీలిచ్చారు, రాష్ట్రం దాటితే మాత్రం కావాలి.

ఇన్‌కమ్ ట్యాక్స్‌కి ప్రిజంప్టివ్ పద్ధతి చిన్నవాళ్లకి సులువు, డిజిటల్‌గా వచ్చిన అమ్మకాల్లో 6 శాతం, క్యాష్‌లో 8 శాతం లాభంగా చూపించొచ్చు, అసలు లాభం అంతకన్నా ఎక్కువైతే ఎక్కువే చూపాలి. ఉద్యోగం పోయిన ఏడాదిలో జీతం, గ్రాట్యుటీ కూడా ఉంటాయి కాబట్టి ఆ ఒక్క సంవత్సరం రిటర్న్ సీఏతోనే వేయించండి.

కేంద్ర జౌళి శాఖ హస్తకళల విభాగం చేతిపనివాళ్లకి ఇచ్చే గుర్తింపు కార్డుకి, అంటే పెహచాన్ కార్డుకి, అప్లై చేయండి. గాంధీ శిల్ప్ బజార్ లాంటి ప్రభుత్వ మేళాల్లో స్టాల్‌కి అది అడుగుతారు.

10. సీజన్, మొదటి స్టాల్

మన దగ్గర కొనుగోళ్లు శ్రావణంలో వరలక్ష్మీ వ్రతంతో ఊపందుకుని బతుకమ్మ, దసరా, దీపావళి దాకా నడుస్తాయి, మధ్యలో పెళ్లిళ్లు, ఆపైన సంక్రాంతి. ఆ నెలలు సగం వానాకాలమే, మట్టి ఆరదు. అందుకే ఎండాకాలంలో చేసి కాల్చి పెట్టేసుకోవాలి, ఆషాఢంలో అమ్మకాలు పడిపోతే కంగారు పడొద్దు, రంగులు వేసుకోడానికి దొరికిన ఖాళీ అది.

మొదటి స్టాల్ మీ అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనో, మీరు పనిచేసిన టెక్ పార్కులో ఒకటి రెండు రోజులు పెట్టే పాప్‌అప్ స్టాళ్లలోనో చూసుకోండి, అద్దె తక్కువ, మొహాలు తెలిసినవి. నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్ జనవరి 1 నుంచి నెలన్నర సాగుతుంది, జనం విపరీతం, కానీ అంతసేపు ఒక్కరే నిలబడలేరు, స్టాక్ చాలదు, మొదటి ఏడాది అక్కడికి చూడ్డానికి వెళ్లండి. మాదాపూర్ శిల్పారామంలో మట్టిపని చేసేవాళ్ల స్టాళ్ల దగ్గర ఒక సాయంత్రం గడపండి, జనం ఏ ధర దగ్గర ఆగుతున్నారో, ఏది చేతిలోకి తీసుకుని పక్కన పెట్టేస్తున్నారో కళ్లతో చూడొచ్చు.

స్టాల్‌కి ముందు ఇలా లెక్కేయండి. అద్దె 3,000, మీ జత మీద మిగిలే లాభం 72. అద్దె ఒక్కటే రావాలన్నా 42 జతలు పోవాలి. అంత జనం అక్కడికి వస్తారా అని నిర్వాహకుల్ని కాకుండా పోయినసారి స్టాల్ పెట్టినవాళ్లని అడగండి.

స్టాల్ రోజు సంచిలో:

- ప్రతి పీసుకి ధర కార్డు, బేరం తగ్గించడానికి
- మంచి అద్దం, చెవికి పెట్టి చూసుకోడానికి స్పిరిట్, దూది
- ప్రింట్ చేసిన క్యూఆర్, నెట్ రాకపోతే రెండో సిమ్, 10, 50 నోట్ల చిల్లర
- స్పేర్ హుక్కులు, చిన్న ప్లయర్, జిగురు
- చీర మ్యాచింగ్ ఆర్డర్లు రాసుకోడానికి పుస్తకం, రంగుల షేడ్ కార్డు
- ఎవరు ఏది అడిగి లేదని వెళ్లారో రాసే ఒక కాగితం, రాత్రి ఇంటికొచ్చాక ముందు చూడాల్సింది గల్లా కన్నా అదే